మజిలీలో మేత యేది?

పూర్వము ఎడ్లబండిపై దూరప్రయాణము చేయు గృహస్థు చీకటిపడువేళకు ఒక ఊరు చేరినయెడల మొదట తన భోజనమును గూర్చి విచారించెడివాడు కాడు. కాడి దించి, ఎడ్లను చెట్టునకు గట్టి, వానికి నీరు పెట్టి, చొప్ప వేసి, అటుపిమ్మటనే తాను కాళ్లు కడుగుకొనెడివాడు. ఊరివారును బాటసారిని పేరడుగక మునుపే బావి చూపెడివారు. సత్రమనినను, సరాయి యనినను, ముసాఫిరుఖానా యనినను మనుష్యునకు చాపయు, పశువునకు మేతయు నొక్కచోట దొరకు తావని యర్థము. మేత లేని మజిలీని మన పెద్దలు మజిలీగా నెంచలేదు.

నేడు ఎడ్లకు బదులు విద్యుద్వాహనములు వచ్చుచున్నవి. వాని మేత కరెంటు. కాని మనుష్యుడు రాత్రి తలవాల్చుచోట వాని బండికి మేత దొరకుట యరుదైపోయినది. చెట్లనడుమ గుడారములు వేసి అద్దెకిచ్చువారు గుడారమునకు సొమ్ము పుచ్చుకొందురు. పరుపునకు వేరుగ, చలిమంట కట్టెలకు వేరుగ పుచ్చుకొందురు. కారు కొరకు గోడకొక ప్లగ్గు బిగింపుడన్నచో మాత్రము ముఖము త్రిప్పుకొందురు. సర్కారువారికి ఈ లోపము కనబడుటయే లేదు. ఈ విపరీతమును గూర్చి మేమీ వారము కొంచెము గట్టిగనే వ్రాయదలచితిమి.

మా మాట తాడ్వాయితో నారంభింతుము. తెలంగాణములో ఈ పేరుగల మండలములు రెండు గలవు. ఒకటి ములుగు జిల్లాలోనిది. దాని ప్రసక్తి ముందు రాగలదు. మేమిప్పుడు చెప్పునది కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి. హైదరాబాదునుండి 44వ జాతీయ రహదారిపై కామారెడ్డి చేరి, అచట ఎల్లారెడ్డి దిక్కునకు మరలినవానికి తాడ్వాయి, లింగంపేట వరుసగా తగులును. ఆ దారిని బోవువాడు లింగంపేటలోని పురాతనమైన మెట్లబావిని చూచి, పోచారము అడవికిని, 1922లో పూర్తియైన పోచారము జలాశయమునకును, అటుపై మంజీరానదిపై 1931లో ముగిసిన నిజాంసాగరమునకును పోవచ్చును. అడవియు, చెరువులును, చల్లని గాలియు గల సీమ. పట్టణపు పొగలో ఆరుదినములు గడపినవాడు ఏడవదినమున బిడ్డలతో రాదగిన సీమ. అట్టివాడు వచ్చి, ఒక రాత్రి నిలిచి, ఊరివారి పాలు, కూరగాయలు, కోడి కొని, నాలుగు రూపాయలు ఇచటనే వ్యయపరచి పోయినయెడల తాడ్వాయి వంటి పల్లెలకు లాభమే గాని నష్టము లేదు.

అయితే ఆతడు నిలుచునా? ఇదియే ప్రశ్న. లెక్క చూతము. హైదరాబాదునకు నిజాంసాగరము సుమారు 145 కిలోమీటర్లు. రానుపోను 290. మధ్యతరగతివాడు కొనగల చిన్న విద్యుత్కారులో ముప్పది యూనిట్లు పట్టు బ్యాటరీ యుండును. దానితో నిజముగ రోడ్డుపై 200 కిలోమీటర్లు నడచినచో మేలే. కావున ఆతడు పోగలడు గాని మేత లేక తిరిగి రాలేడు. ఇక మరియొక లెక్క. సామాన్యమైన 15 ఆంపియర్ల ప్లగ్గునుండి కారు గంటకు సుమారు మూడు యూనిట్లు తీసికొనును. రాత్రి తొమ్మిదిగంటలకు తగిలించి ఉదయము ఆరుగంటలకు తీసివేసినచో ఇరువదియేడు యూనిట్లు. కొంత నష్టము పోయినను 150 కిలోమీటర్ల మేత చేరినట్లే. అనగా ఆతడు నిద్రించినంతలో వాని యిల్లు వాని బండికి అందుబాటులోనికి వచ్చెను! దీనికై యంత్రరాజము లేల? లక్షల రూపాయల స్తంభము లేల? మన యిండ్లలో నీళ్లు కాచు గీజరునకు బిగించు ప్లగ్గు చాలును గదా!

ప్రభుత్వమువారు ఏమియు చేయలేదని మేమనుట లేదు. విద్యుద్వాహనములకు కరెంటు నింపుట విద్యుద్విక్రయము గాదనియు, అది సేవయే యనియు, దానికి లైసెన్సు అక్కరలేదనియు కేంద్ర విద్యుచ్ఛాఖవారు 2018 ఏప్రిలులోనే తేల్చిచెప్పిరి. ఆ యేడు డిసెంబరులో మార్గదర్శకములు వెలువరించిరి. 2022లోను, 2024లోను సవరించిరి. నగరములలో మూడు కిలోమీటర్ల చదరమునకొకటి, రహదారులపై ఇరుప్రక్కల ఇరువదియైదు కిలోమీటర్ల కొకటి చొప్పున స్తంభములుండవలెనని మొదటి మార్గదర్శకములలోనే వ్రాసిరి. మన రాష్ట్రప్రభుత్వము 2020 అక్టోబరులో విద్యుద్వాహన విధానమును ప్రకటించినది. 2024 నవంబరు 18 మొదలు 2026 డిసెంబరు 31 వరకు ఈ వాహనములకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మాఫీ చేయుచు ఉత్తర్వు నిచ్చినది. ఇవి మంచి పనులే. మంచిని మంచి యనుటకు మేము సంకోచింపము.

కాని చూడుడు! ఈ లెక్కలన్నియు రోడ్డును కొలిచినవి, రాత్రిని కొలువలేదు. బండి కదలుచోటును తలచినవి. బండి నిలుచుచోటును మరచినవి. మనుష్యుడు దినమునకు రెండు మూడు గంటలు రోడ్డుపై నుండును. ఎనిమిది పది గంటలు ఒకచోట విశ్రమించును. మేత వేయవలసినది విశ్రమించుచోటనా, పరుగెత్తుచోటనా? పరుగెత్తు ఎద్దు నోటికి గడ్డి యందించు రైతు నెవరైన చూచిరా? త్వరితముగ నింపు పెద్ద స్తంభము రహదారిపై నుండవలసినదే. గంటలో పనిముగించుకొని ముందునకు పోవువానికి అది యవసరమే. కాని రాత్రియంతయు ఊరక నిలిచియుండు బండికి పెద్ద స్తంభము దండుగ. నెమ్మదిగ నింపు చిన్న ప్లగ్గే దానికి తగినది. బ్యాటరీ ఆయువునకును అదియే హితము.

20వ శతాబ్దారంభమున సికిందరాబాదు–మన్మాడు రైలుమార్గము ఈ సీమగుండ వచ్చినపుడు స్టేషను దక్కిన కామారెడ్డి పెరిగెను. బెల్లపు వ్యాపారమునకు పేరుగాంచెను. పట్టాలకు దూరమైన ఊళ్లు తమ సరుకును బండ్లపై తోలుకొని ఆ స్టేషనుకడకు పోవలసినవయ్యెను. పట్టాలను ప్రతియూరికి వేయుట యెవరి తరము గాదు గనుక అప్పుడు ఆ న్యాయమునకు ఒడబడవలసినదే. కాని కరెంటు తీగ అట్టిది గాదు. అది నేడు తాడ్వాయిలో నున్నది, లింగంపేటలో నున్నది, పొలము గట్టున మోటారుకడను ఉన్నది. ఉన్న తీగ చివర ఒక ప్లగ్గును, ఒక మీటరును బిగించుటకు కూడ మనము రహదారి దయకై ఎదురుచూడవలెనా?

ఇక ఆక్షేపణలు. "పల్లెలోని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును" అని యొకరు భయపెట్టుదురు. అయిదు హార్సుపవరుల బావిమోటారు సుమారు 3.7 కిలోవాట్లు లాగును. ప్లగ్గునకు తగిలించిన కారు అంతకంటె కొంచెము తక్కువయే లాగును. రైతు ఇంకొక మోటారు పెట్టుకొన్నప్పుడు మునుగని లోకము కారు వచ్చినప్పుడు మునుగునా? ఒకటి రెండు కార్లకు ఇరువదియైదు కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు బెదరదు. పదికార్లు ఒకేమారు తగిలించినచో ముప్పదిమూడు కిలోవాట్లగును. అప్పుడు విడిదివాడు తన ఖర్చుపై ప్రత్యేక కనెక్షను తీసికొనవలసినదే, లేదా వంతులవారీగ నింపవలసినదే. ఇది విద్యుచ్ఛాఖలోని లైనుమనుష్యుడు అరగంటలో చెప్పగల లెక్క. 2025 మార్చిలో 17,000 మెగావాట్లను మించిన గిరాకిని ఒకదినమున భరించిన రాష్ట్రమునకు అర్ధరాత్రివేళ పల్లెలో రెండు కార్లు బరువా?

"ఇది ధనికుల ఆటవస్తువు, దీనికై పల్లె యేల వగవవలె?" అని వేరొకరందురు. వీరు మన బజారులను కన్నులు తెరచి చూడలేదు కాబోలు. ఈ దేశమున అమ్ముడుపోవు విద్యుద్వాహనములలో అత్యధికము కార్లు గావు, స్కూటర్లును, ఆటోలును. పాలడబ్బాలు వేసికొని పోవు యువకునిది స్కూటరు. కామారెడ్డి అంగడికి కూరగాయల గంపలు చేర్చు పేదవానిది ఆటో. అతిథి కారునకై విడిదివాడు బిగించిన ప్లగ్గు పగటివేళ ఊరి ఆటోకు పనికివచ్చును. స్కూటర్లకు, ఆటోలకు మూడు కిలోవాట్ల వరకిచ్చు చౌక సాధనము 3,500 రూపాయలలోపు లభింపవలెనని కేంద్రప్రభుత్వ శాస్త్రజ్ఞులు 2021లో లక్ష్యముగ పెట్టుకొని దానికి ప్రమాణమునుగూడ సిద్ధపరచిరి. మరియు దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి పరదేశములనుండియే వచ్చుచున్నది. పెట్రోలు పోయించుకొన్న ప్రతివాడును తన రూపాయిలో కొంత సముద్రములు దాటించుచున్నాడు; కరెంటు మేసిన బండి రూపాయిలో హెచ్చుభాగము ఈ నేలపైననే తిరుగును. ఇది ధనికుని మాటయా, దేశము మాటయా?

"అగ్నిప్రమాదము జరుగును" అను మూడవ ఆక్షేపణలో కొంత నిజమున్నది. దానిని మేము త్రోసివేయము. ప్రమాదము కారులో కంటె కక్కుర్తిలో నెక్కువగ నున్నది. దీపమునకు వేసిన సన్నని తీగను గుడారముల నడుమ తడిగడ్డిపై ఈడ్చి, వదులైన సాకెట్టునకు తగిలించి, తొమ్మిదిగంటలు ఎడతెగక కరెంటు లాగినచో ప్లాస్టిక్కు కరగక యేమగును? తగిన లావుగల రాగితీగ, గట్టి సాకెట్టు, సరియైన ఎర్తు, కరెంటు దారితప్పి నేలకు కారినంతనే తెంపివేయు రక్షకపు స్విచ్చి, వాన తగులని పెట్టె, ఇవి యుండవలెను. ఇవి లేనిచోట తగిలింపుమని మేమే చెప్పము. కాని ఈ జాగ్రత్తకు అగునది కొన్నివేల రూపాయలు. ఒక గుడారపు ఖరీదు. భయము పేరుచెప్పి ప్లగ్గును నిషేధించువాడు నిషేధించునది ప్రమాదమును గాదు. దొంగచాటుగ కిటికీలోనుండి తీగలాగు అతిథిని సృష్టించి, ప్రమాదమును పెంచుకొనుచున్నాడు.

"బిల్లెవరు కట్టుదురు?" అనునది నాలుగవది. ఎవడు మేపుకొనునో వాడే కట్టును! మీటరు పెట్టుడు, యూనిటు ధర బోర్డుపై వ్రాయుడు, సంస్థవారికి కట్టునది పోగా మీ శ్రమకు న్యాయమైన లాభము కలుపుకొనుడు. కారులేనివాని అద్దెపై ఈ భారము మోపకుడు. అమెరికాలో ఇండ్లవంటి పెద్దబండ్లను తోలుకొని ఊరూర దిగు ఆచారము చిరకాలముగ నున్నది. వాని దిగుడుతోటలలో ఒక్కొక్క స్థలమున 240 వోల్టుల, 50 ఆంపియర్ల ప్లగ్గుతో నొక స్తంభముండును. విద్యుత్కార్లవారు ఈ ప్లగ్గులను కనిపెట్టి వాడుకొనసాగిరి. అంతట తగవులు వచ్చెను: గుడారమునకు మాత్రమే చెల్లించి కారు నింపుకొనుట యేమని యజమానులును, స్తంభమున్నదిగదా యని అతిథులును. కొందరు నిషేధించిరి; కొందరు వేరుగ రుసుము పెట్టిరి; కొందరు మీటర్లు బిగించిరి. ఈ మూడింటిలో నిలువదగినది మూడవదియే. అచటి తోటలలో సెలవుదినములు గడపు తెలుగువారు వేలకొలది యున్నారు; వారు స్వగ్రామమునకు వచ్చి విడిదిలో ప్లగ్గు అడిగినప్పుడు మనము నోరు వెళ్లబెట్టవలసినదేనా?

ఇక మా మనస్సును మిక్కిలి కలచు విషయమునకు వచ్చెదము. తెలంగాణములో 2018 జనవరి 1నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు నిచ్చుట ఆరంభించిరి. అది రైతు పైరునకు ప్రజలందరు కలిసి పెట్టిన మేత. పొలమునడుమ నాలుగు గుడారములు వేసి, తోటవిడిది యని పేరుపెట్టి, పట్టణపు అతిథుల కార్లను బావిమోటారు కనెక్షనునుండి నింపు ఆలోచన యెవనికైన గలిగినచో, వానికి మేము స్పష్టముగ చెప్పుచున్నాము: ఇది ఆతిథ్యము గాదు, చౌర్యము. 2003వ సంవత్సరపు విద్యుచ్చట్టము 135వ సెక్షను ఒక పనికని యిచ్చిన కరెంటును వేరుపనికి వాడుటను దొంగతనముగనే యెంచుచున్నది. చట్టము నటుంచుడు. ఎండుచున్న మక్కచేను ప్రక్కన ఆ చేనిపేర వచ్చిన కరెంటుతో వేలరూపాయల అద్దెగదివాని కారు కడుపు నిండుట చూచి యే రైతు సహించును? ఇట్టి అపహరణము నాలుగుచోట్ల బయటపడినచో ఉచితవిద్యుత్తునకే ముప్పు వచ్చును. శిక్ష దొంగకు గాక రైతునకు పడును. అందుచేతనే మేము ప్లగ్గును గూర్చి అడుగుచోటనెల్ల మీటరును గూర్చి రెండింతలు అడుగుచున్నాము. న్యాయమైన మార్గము మూసినచోటనే దొంగదారి పుట్టును. సర్కారు మౌనమువలన కలుగు హాని యిదియే.

ముందు చెప్పెదమన్న రెండవ తాడ్వాయి మాట. ములుగు జిల్లాలోని ఆ మండలమున రెండేండ్లకొకమారు మేడారములో సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. 2024లో ఫిబ్రవరి 21 మొదలు 24 వరకు జరిగినది. అడవిలో చెట్లక్రింద గుడారములు వేసికొని, రాళ్లపొయ్యిపై వండుకొని, లక్షల కుటుంబములు దినములకొలది నిలుచును. విడిది విద్య మనకు పరాయిది గాదు. ఇంతకుమించిన గుడారముల నగరము మరియెచట గలదు? ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులుతీరిన ఆ దారిలో నేడు కార్లు, ఆటోలు బారులుతీరుచున్నవి; వానిలో విద్యుద్వాహనములు ఏటేట పెరుగును. అడవిలో వేలదీపములు వెలిగించుటకు తాత్కాలికపు తీగలు వేయగల శాఖవారు, వాహనములు నిలుపు మైదానములలో మీటర్లుగల ప్లగ్గులను కొన్ని వరుసలు పెట్టలేరా?

2025 ఆగష్టు 27, 28 తేదీల వరదను కామారెడ్డి సీమవారు మరువలేదు. కొన్నితావుల ఒక్కదినమున నలుబది సెంటీమీటర్లకు మించిన వాన కురిసెను; రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయెను; జాతీయ రహదారిపై నీరు పారెను; నూరేండ్లు దాటిన పోచారము కట్ట మాత్రము వరదనెదిరించి నిలిచెను. రహదారి నొక్కదానినే నమ్మినవాని గతి యేమగునో ఆ రెండుదినములు చూపినవి. వరదలో కరెంటును పోవునుగదా యని యొకరందురు. పోవును, పెట్రోలు బంకులోని పంపును కరెంటుతోనే నడచునని వారు మరచుచున్నారు. రాత్రియే విడిదిలో కడుపునిండిన బండి తెల్లవారి దారి తెగినను చుట్టుదారిని పోగలదు. రహదారి స్తంభము చేరుదమని సగము ప్రాణముతో నిలిచిన బండి యెటును పోలేదు.

కావున మేము కోరునది కొండమీది కోతిని గాదు. పర్యాటకశాఖ, అటవీశాఖ నడపు విడుదులలోను, అద్దెకిచ్చు ప్రయివేటు గుడారములలోను, వాహనములు నిలుపు స్థలములలో అయిదింటికొకటి చొప్పున మీటరుగల 15 ఆంపియర్ల ప్లగ్గు ఉండవలెను. అనుమతి నిచ్చునప్పుడే ఇది నిబంధనగా వ్రాయవలెను. ఆ కనెక్షను వ్యవసాయపు కనెక్షనుతో ఎట్టి సంబంధమును లేనిదై యుండవలెను. ఎర్తును, రక్షకపు స్విచ్చిని విద్యుచ్ఛాఖవారు ఏటికొకమారైన పరీక్షింపవలెను. తాడ్వాయి వంటి దారిపల్లెలలో గ్రామపంచాయతీయో, మహిళాసంఘమో ప్లగ్గు పెట్టి నడుపుకొన గోరినచో వారికే మొదటి అవకాశ మీయవలెను. పైకము ఊరిలో నిలుచును; దీపము ఊరిలో వెలుగును.

పఠనాలయములలో కూర్చుండి మా మాట చదువు పట్టణ సోదరులకును ఒక మనవి. విడిదిని కుదుర్చుకొనుటకు ముందు "ఈతకొలను గలదా?" అని అడుగుచున్నారు, "మీటరుగల ప్లగ్గు గలదా?" యనియు అడుగుడు. నలువురు అడిగినచో అయిదవవాడు వచ్చునాటికి అది గోడకుండును. కలిగినచోట మీటరు చూచి చెల్లింపుడు. లేనిచోట దొంగచాటుగ తగిలింపకుడు. మోటారు కనెక్షనునుండి ఉచితముగ నింపెదమని యెవరైన నవ్వుచు పిలిచినచో, అది రైతు కంచములోని కూడని తలచి లేచిరండు.

ఎద్దునకు గడ్డి వేయక తాను భోజనమునకు కూర్చున్నవానిని మన పల్లెలలో గృహస్థని పిలిచెడివారు గారు. బండి మారినది; ధర్మము మారలేదు. మజిలీ పెట్టి సొమ్ము పుచ్చుకొనువాడు మేతయు పెట్టవలెను. మేసినవాడు వెల చెల్లింపవలెను. ఈ రెండును జరుగునట్లు చూచుట సర్కారు విధి. ఇంతమాత్రము చేయలేనివారు పచ్చదనమును గూర్చియు, పర్యాటకమును గూర్చియు వేదికలెక్కి ఉపన్యసింపకుండుట మేలు.